రెక్క మొదట్లో నీలి మరక: లీకు ట్యాంకుదా, గేజుదా?

మీరు అడిగింది ఇదీ. 1940ల నాటి రెండు సీట్ల విమానం, రెక్కలు పైన, ఒక్కో రెక్కలో ఒక అల్యూమినియం ట్యాంకు, తలకు కాస్త పైన, రెక్క క్యాబిన్‌కు కలిసే మొదట్లో గుండ్రటి ఫ్లోట్ గేజు (ఇంధనం మీద తేలే ఫ్లోట్ కదలికతో మట్టం చూపేది). ఎడమ గేజు కింద లైనింగు మీద నీలి మరక పడుతోంది. ట్యాంకు నిండా పోసిన రోజు క్యాబిన్‌లో పెట్రోలు వాసన వస్తోంది, సగానికి దిగాక రావడం లేదు. ఒకరు ట్యాంకులో స్లోషింగ్ సీలర్ (లోపలి గోడలకు పొరలా పట్టే ద్రవం) పోసి అటూ ఇటూ తిప్పేయమన్నారు, ఇంకొకరు బయటినుంచి ఎపాక్సీ పూయమన్నారు. ఈ రెండింటిలో ఏది మంచిది, ఈలోపు సగం ట్యాంకుతో ఎగరవచ్చా అని అడిగారు.

రెండూ వద్దు. ఈలోపు ఎగరడమూ వద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి ట్యాంకు రేకుకు చిల్లు పడి ఉండే అవకాశం తక్కువ. గేజు అంచు కింది గాస్కెట్, దాన్ని బిగించిన స్క్రూలు, గేజు ముల్లును తిప్పే ఇరుసు సీలు, ఆ పక్కనే ట్యాంకును పైపుకు కలిపే రబ్బరు గొట్టం. ముందుగా అనుమానించాల్సినవి ఈ నాలుగే. చాలా విమానాల్లో ట్యాంకును రెక్కలోంచి దించకుండానే వీటిని బాగుచేయవచ్చు. ఏదో ఒకటి పోసో, పూసో మూసేస్తే అసలు లోపం అలాగే ఉంటుంది, రేపు ట్యాంకును పనికిరాకుండా చేస్తుంది కూడా.

ఎగరవద్దని ఎందుకంటున్నానో ముందు చెబుతాను. లీకు ఎంత పెద్దదో కొలవడానికి ఒక పద్ధతి ఉంది. తడిసిన చోటును పొడిగా తుడిచి, 30 నిమిషాలు ఆగి, మళ్లీ ఎంత వెడల్పున తడిసిందో చూస్తారు. దాన్నిబట్టి మరకా, చెమ్మా, ఊటా, ధారా అని తేలుస్తారు. రెక్క బయటి వైపు, గాలి తగిలే చోట చిన్న మరక ఉంటే చాలా మాన్యువళ్లు దాన్ని గమనిస్తూ ఎగరనిస్తాయి. ఆ సడలింపు బయటి లీకులకే. మీది మూసి ఉన్న క్యాబిన్‌లోకి వస్తోంది. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతానికి చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికన్నా మూడు నాలుగు రెట్లు బరువు, కాబట్టి కిందికి దిగి నేల పలకల కింద నిలుస్తుంది. బ్యాటరీ రిలే, స్విచ్చులు, వైర్ల కీళ్లు చాలావరకు ఉండేది అక్కడే. ఇక సగం ట్యాంకు సంగతి: నేల మీద నిలిపి ఉన్నప్పుడు సగం ట్యాంకు మట్టం గేజు కింద ఉండవచ్చు. గాలిలో కుదుపు వచ్చినా, మలుపులో విమానం కాస్త పక్కకు జారినా అదే ఇంధనం రెక్క మొదటివైపు ఎగదన్నుతుంది. వాసన రావడం లేదంటే లీకు ఆగిందని అర్థం కాదు.

పని మొదలుపెట్టేముందు

విమానాన్ని ఆరుబయటకు తీసుకురండి. బ్యాటరీ విప్పండి. విమానానికి, ఇంధనం పట్టే డబ్బాకు, నేలకు బాండింగ్ వైరు (స్థిరవిద్యుత్తు రవ్వలు పుట్టకుండా కలిపే వైరు) కలపండి. ప్లాస్టిక్ డబ్బా, ప్లాస్టిక్ గరాటు వద్దు, వాటిమీద స్థిరవిద్యుత్తు పోగవుతుంది. ఇంధనం తీసేశాక ట్యాంకు ఖాళీ అయింది కదా అని ధైర్యపడే వాళ్లను చూస్తే నాకు భయం. నిండు ట్యాంకులో ఆవిరికి చోటే ఉండదు. ఖాళీ ట్యాంకే అసలు ప్రమాదం, ఎందుకంటే పేలడానికి తగిన పాళ్లలో గాలి, ఆవిరి కలిసి ఉండేది అందులోనే. పెట్రోలు సున్నాకు దిగువన 40 డిగ్రీల చలిలో కూడా మండేంత ఆవిరిని వదులుతుంది. కాబట్టి చల్లగా ఉంది, ఫరవాలేదు అన్న మాటకు ఇక్కడ అర్థం లేదు. గేజు రంధ్రంలోకి చూడటానికి పేలుడు వాతావరణానికి ధ్రువీకరించిన లైటే వాడండి. ఫోన్ లైటుతో తొంగిచూడకండి.

లీకు ఎక్కడినుంచో తేల్చడం

ఈ పనిలో సగం ఇదే, దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు. ఇంధనం బయటపడే చోటు వేరు, పుట్టే చోటు వేరు. రేకు మడత వెంట, పక్కటెముక వెంట, వైరు వెంట పాకి ఎక్కడో కింద చుక్కగా తేలుతుంది. 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలులో నీలి రంగు కలిపి ఉండటం ఇక్కడ మనకు సాయం. ద్రవం ఆవిరైపోయినా రంగు మిగులుతుంది, దాని జాడ పట్టుకుని పైకి వెళ్లవచ్చు. పాత మరకలు కలిసిపోయి ఉంటే అంతా శుభ్రంగా తుడిచి, ఆరాక పలచగా సుద్దపొడి చల్లండి. కొత్త తడి మొదట ఎక్కడ కనిపిస్తే అక్కడినుంచి పైకి వెతకండి.

మీ విషయంలో ఒక మంచి ఆధారం ఇప్పటికే ఉంది: నిండుగా ఉంటేనే లీకు. ట్యాంకు ఖాళీ చేసి, కొద్దికొద్దిగా పోస్తూ, ప్రతిసారీ అరగంట ఆగి చూడండి. ఏ మట్టం దగ్గర తడి మొదలవుతుందో లీకు ఆ ఎత్తులో ఉంది. అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వు, కింది అతుకు, అడుగున తుప్పు తినేసిన రేకు అయితే పావు ట్యాంకుకే కారతాయి. పై సగంలో మొదలైతే గేజు రంధ్రం పైభాగం, పై అతుకు, వెంటు గొట్టం (ట్యాంకులోకి గాలి వచ్చే దారి), మూత. రెక్కలు కొసవైపు కాస్త పైకి లేచి ఉంటాయి కనుక నేల మీద నిలిపినప్పుడు ఇంధనం బరువంతా మొదటివైపే పడుతుంది. గేజు ఉన్నదీ అక్కడే.

మూతను తేలిగ్గా తీసిపారేయకండి. ఎగిరేటప్పుడు రెక్క పైభాగంలో పీడనం తక్కువగా ఉంటుంది. మూత రబ్బరు గట్టిపడితే ఆ పీడనభేదం ఇంధనాన్ని బయటకు లాగేస్తుంది. మూత వెనక రెక్క మీద నీలి చార ఉంటే ట్యాంకు ముట్టుకోకముందే ఆ రబ్బరు మార్చండి. ట్యాంకు లీకని నా దగ్గరకు వచ్చిన విమానాల్లో మూత రబ్బరుతో, డ్రెయిన్ వాల్వు ఓ-రింగుతో, లేదా ఆ రబ్బరు గొట్టంతో తేలిపోయినవి చాలానే ఉన్నాయి. గొట్టాన్ని వేలితో నొక్కి చూడండి. గట్టిగా కర్రలా ఉన్నా, పైన పగుళ్లు కనిపించినా క్లాంపు బిగించి ప్రయోజనం లేదు, గొట్టమే మార్చాలి.

అప్పటికీ తేలకపోతే గాలి పరీక్ష. వెంటు, ఇంధనం దారి, మూత అన్నీ మూసి, లోపలికి కొద్దిపాటి గాలి ఇచ్చి, బయట సబ్బునీళ్లు రాసి బుడగలు చూడాలి. ఎంత గాలి అన్నదే ముఖ్యం. రెక్కలో ఉన్న ట్యాంకుకు అర పీఎస్ఐ (చదరపు అంగుళానికి అర పౌను ఒత్తిడి) చాలు. 25 సెంటీమీటర్ల లోతు ఇంధనం అడుగున కలిగించే ఒత్తిడి పావు పీఎస్ఐ చిల్లరే. అంటే అర పీఎస్ఐ దగ్గర నిజంగా కారే ప్రతి చోటూ బయటపడుతుంది. కంప్రెసర్ గొట్టాన్ని నేరుగా ట్యాంకుకు పెట్టి ఉబ్బించేసినవాళ్లు ఉన్నారు. అర పీఎస్ఐ అంటే వినడానికి చిన్నదే, కానీ అడుగు చదరం రేకు మీద అది 33 కిలోల బరువుతో సమానం. పీడనం గేజును నమ్మకుండా నేను పారదర్శకమైన గొట్టాన్ని యు ఆకారంలో వంచి నీళ్లు పోసి వాడతాను. రెండు వైపుల నీటి మట్టాల తేడా 35 సెంటీమీటర్లు ఉంటే అర పీఎస్ఐ. గొట్టం ఎత్తు అంతకు కొంచెమే ఎక్కువ ఉంచితే, గాలి ఎక్కువైనప్పుడు నీళ్లు బయటకు చిమ్మి ట్యాంకు బతుకుతుంది. సైకిలు పంపుతో నెమ్మదిగా ఎక్కించండి. ఎండ మారుతుంటే లోపలి గాలి వ్యాకోచించి మట్టం కదులుతుంది, నీడలో చేయండి. పని అయ్యాక సబ్బునీళ్లను మంచినీళ్లతో కడిగేయాలి.

గేజు

గేజు దగ్గర తడి ఏ చోట ఉందన్నదే మీకు సమాధానం చెబుతుంది. అంచు చుట్టూ తడి ఉంటే గాస్కెట్. ఒకే స్క్రూ తల చుట్టూ నీలి ఉంగరం కనిపిస్తే ఆ స్క్రూ మర. గేజు అద్దం వెనక, అంకెల పలక మీద తడి చేరితే ఇరుసు సీలు. ఈ మూడోదాన్ని గుర్తించక గాస్కెట్ మీద గాస్కెట్ మార్చేవాళ్లున్నారు. ఇరుసు వెంట వచ్చే లీకుకు గాస్కెట్ ఎన్నిసార్లు మార్చినా ఒకటే. ఎలక్ట్రిక్ గేజు ఉన్న విమానాల్లో ఇంకో చోటు ఉంది: సెండర్ (ట్యాంకులోని మట్టాన్ని కరెంటు సంకేతంగా గేజుకు పంపే భాగం) మధ్యలో వైరు తగిలించే టెర్మినల్. దాని కింది ఇన్సులేటర్ వాషర్లు ఎండిపోతే అక్కడినుంచే ఊరుతుంది. అలాంటప్పుడు సెండర్‌నే మార్చడం మేలు.

గాస్కెట్ సంగతి. ఆ కాలపు విమానాల్లో ఎక్కువగా కార్కు బెండుతో చేసినవి. ఇంధనంలో నానుతున్నంత కాలం బెండు ఉబ్బి సీలు పడుతుంది. విమానం నెలల తరబడి ఖాళీ ట్యాంకుతో నిలబడితే ఎండి, కుంచించుకుపోతుంది. అప్పుడు ఎవరో స్క్రూలు ఇంకాస్త బిగిస్తారు. ఎండిన బెండు పిండిలా నలిగిపోతుంది, రేకు అంచు స్క్రూల దగ్గర లోపలికి కుంగి మధ్యలో పైకి లేస్తుంది. ఇక ఏ గాస్కెట్ వేసినా ఆ లేచిన చోట కారుతూనే ఉంటుంది. అందుకే గేజు తీశాక గేజు అంచునీ, ట్యాంకు వైపు ఉంగరాన్నీ సమతలంగా ఉన్న గాజు పలకతోనో ఉక్కు స్కేలుతోనో చూడండి. వంపు ఉంటే చదునైన దిమ్మెమీద పెట్టి మెల్లగా సరిచేయాలి. ఈ ఒక్క పని చేయనందువల్లే కొత్త గాస్కెట్లు నెల తిరక్కుండా కారడం చూశాను.

స్క్రూల విషయంలో రెండు చూడండి. ఒకటి, అవి ట్యాంకు లోపలికి తెరుచుకునే రంధ్రాల్లో దిగుతున్నాయా, వెనక మూసి ఉన్న నట్‌ప్లేట్లలోనా (రేకుకు వెనకవైపు అతికించి ఉంచిన నట్లు). తెరిచిన రంధ్రాలైతే ప్రతి స్క్రూ తల కిందా రబ్బరు అతికిన సీలింగ్ వాషరు కావాలి, స్క్రూ మరలకు ఇంధనాన్ని తట్టుకునే సీలెంట్ రాయాలి. రెండు, స్క్రూ పొడవు. మూసిన నట్‌ప్లేటులో పొడవు స్క్రూ వేస్తే అది అడుగున తగిలి ఆగిపోతుంది. చేతికి గట్టిగా బిగిసినట్టే ఉంటుంది, గాస్కెట్ మాత్రం నొక్కుకోదు. ఇంకా బలం పెడితే నట్‌ప్లేటు వెనక టోపీ పగిలి అక్కడ కొత్త లీకు. భాగాల పుస్తకంలో రాసిన పొడవే వాడాలి. బిగించేటప్పుడు ఒక పక్కనుంచి వరసగా కాకుండా ఎదురెదురువి కొద్దికొద్దిగా.

గాస్కెట్ మీద ఏం రాయాలి? సాధారణ సిలికాన్ పేస్టు ఎట్టిపరిస్థితుల్లోనూ రాయకండి. పెట్రోలులో అది మెత్తబడి జిగురవుతుంది, ఊడి వచ్చిన పీలికలు ఫిల్టర్‌లోకో కార్బురేటర్‌లోకో చేరతాయి. నైట్రైల్ రబ్బరు గాస్కెట్ అయితే చాలావరకు పొడిగానే వేయవచ్చు. కార్కు అయితే ఇంధనంలో కరగని గ్రీజు పలచగా. తయారీదారు చెప్పిన పదార్థం ఉంటే అదే, సొంత ప్రయోగం వద్దు. మరలకు టెఫ్లాన్ టేపు చుట్టడం కూడా వద్దు, దాని ముక్కలు కూడా ఫిల్టర్‌కే చేరతాయి.

గేజు బయటకు తీసేముందు అది ఏ దిశలో ఉందో అంచు మీద గీత పెట్టుకోండి. రంధ్రాల వరస సమానంగా ఉంటే ఒక రంధ్రం పక్కకు తిరిగినా పట్టేస్తుంది, అప్పుడు లోపలి ఫ్లోట్ చెయ్యి బాఫిల్ పలకకు (ఇంధనం ఎగిసిపడకుండా ట్యాంకులో పెట్టే అడ్డుపలక) తగిలి మధ్యలో ఇరుక్కుంటుంది. బయటకు తీసేటప్పుడు ఆ చెయ్యి వంగకుండా చూడండి. రవ్వంత వంగినా గేజు చూపే లీటర్లు మారిపోతాయి.

ఫ్లోట్‌ను చేతిలోకి తీసుకున్నాక పరీక్షించకుండా తిరిగి పెట్టకండి. కార్కు ఫ్లోట్ అయితే పైన పూసిన వార్నిష్ లేచిందా, బరువెక్కిందా చూడండి. పాత ఫ్లోట్లకు షెల్లాక్ (లక్కతో చేసే వార్నిష్) పూసేవారు, ఆల్కహాల్ అంటే షెల్లాక్ కరుగుతుంది. ఇథనాల్ కలిసిన మోటారు పెట్రోలు పోస్తే రెండు నష్టాలు: నానిన బెండు మునిగి గేజు తక్కువ చూపుతుంది, కరిగిన షెల్లాక్ జిగురై ఫిల్టర్‌కు చేరుతుంది. పైపర్ జె-3 కబ్‌లో ఇది స్పష్టంగా కనబడుతుంది. ముందు భాగంలో 12 గ్యాలన్ల ట్యాంకు, దాని మూతలోంచి పైకి పొడుచుకొచ్చిన తీగ, తీగ అడుగున బెండు. బెండు బరువెక్కితే ఇంధనం ఉన్నా తీగ కిందికి దిగి కూర్చుంటుంది. ఇప్పుడు ఇంధనం పీల్చని కృత్రిమ పదార్థంతో చేసిన ఫ్లోట్లు దొరుకుతున్నాయి, మీ విమానానికి ఆమోదం ఉన్నది చూసి వేయండి.

ఇత్తడి ఫ్లోట్ అయితే చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల ద్రవం కదిలిన చప్పుడు వస్తే చిల్లు పడినట్టే. చప్పుడు లేకపోయినా వేడినీళ్లలో ముంచితే లోపలి గాలి వ్యాకోచించి చిల్లు ఉన్నచోట బుడగలు వస్తాయి. ఇంధనం చేరిన ఇత్తడి ఫ్లోట్‌కు అలాగే టంకం పెట్టకండి. అది చిన్న బాంబు. మాటు వేస్తే బరువు పెరిగి గేజు లెక్క కూడా తప్పుతుంది. కొత్తది వేయడమే నా సలహా.

కొన్ని విమానాల్లో గేజు బదులు గాజు గొట్టం ఉంటుంది. పైపర్ సూపర్ కబ్‌లో రెక్క మొదట్లో క్యాబిన్‌లోపలే కనిపిస్తుంది. టైగర్ మాత్‌లో పై రెక్క మధ్యనున్న ట్యాంకు నెత్తిన నిలబడి ఉంటుంది. గొట్టం రెండు చివర్ల రబ్బరు రింగులే అక్కడి సీలు. కారుతోందని నట్టు బిగిస్తే గాజు చిట్లుతుంది, క్యాబిన్‌లోని గొట్టమైతే ట్యాంకే మీ ఒళ్లోకి ఖాళీ అవుతుంది. రింగులు మార్చి, చేత్తో బిగించి, మాన్యువల్ చెప్పినంత మాత్రమే తిప్పాలి. గాజుకు బదులు ఏదో ప్లాస్టిక్ గొట్టం కోసి పెట్టడం ఒప్పుకోకండి. పసుపుబారి మట్టం కనబడదు, కొన్ని రకాలు ఇంధనానికి పగుళ్లు తీస్తాయి.

ట్యాంకుదే అయితే

గేజు, గొట్టం, మూత, డ్రెయిన్ అన్నీ బాగున్నాయని తేలి, బుడగలు రేకులోనో అతుకులోనో వస్తే ట్యాంకు దించాల్సిందే. దించాక ముందు బయట అడుగుభాగం, పట్టీలు ఆనే చోట్లు చూడండి. ట్యాంకుకూ పట్టీకీ మధ్య ఉన్ని గుడ్డ పెట్టి ఉంటే అది తేమ పీల్చి ఏళ్లతరబడి రేకును తింటూ ఉంటుంది. ఆ మెత్త తేమ పీల్చనిదై ఉండాలన్నది పాత నిబంధనల్లోనే ఉంది. అల్యూమినియం మీద తెల్లటి పొడి, దాన్ని గీకితే కింద గుంటలు కనిపిస్తే లోతు కొలవాలి. గుంటలు అడుగంతా పరుచుకుని ఉంటే ఒక్కో చిల్లూ మూసుకుంటూ పోవడం వృథా. ఆ పలక మార్చాలి, లేదా ట్యాంకే మార్చాలి. ఇంత చెప్పి కూడా మార్చండి అంటున్నానని నిరాశపడకండి. తినేసిన రేకు మీద పెట్టిన ఏ మరమ్మతూ నిలవదు.

మరమ్మతు పద్ధతి ట్యాంకు దేనితో చేశారన్నదాన్నిబట్టి పూర్తిగా మారుతుంది.

రివెట్లతో కూర్చిన అల్యూమినియం ట్యాంకుకు పాలిసల్ఫైడ్ సీలెంట్ (ఆరాక రబ్బరులా వంగే, ఇంధనాన్ని తట్టుకునే సీలెంట్). అదీ లోపలినుంచే. బయట పూసిన సీలెంటును ఇంధనం లోపలినుంచి తోస్తూ ఉంటుంది, ఎపాక్సీ అయితే రేకు కంపనానికి వంగలేక అంచునుంచి లేస్తుంది. వదులైన రివెట్ చుట్టూ నల్లటి మసి ఉంగరం ఉంటుంది. అలాంటిదాన్ని తీసి, కొత్తదాన్ని సీలెంటులో తడిపి కొట్టాలి. పాత సీలెంటును ఉక్కు బ్లేడుతో గీకకండి, ఆ గీతలోనే తుప్పు మొదలవుతుంది. గట్టి ప్లాస్టిక్ లేదా చెక్క పలుగుతో తీయండి. తర్వాత ఎంఈకే (మిథైల్ ఇథైల్ కీటోన్) ద్రావకంతో తుడవాలి. ద్రావకం తనంతట ఆరకముందే పొడి గుడ్డతో తుడిచేయాలి. ఆరనిస్తే కరిగిన జిడ్డు మళ్లీ అక్కడే పరుచుకుంటుంది. ఇంధనం పీల్చుకున్న పాత సీలెంటు మీద కొత్తది అంటదు, ట్యాంకును రోజుల తరబడి ఆరబెట్టడం తప్పదు.

డబ్బా మీద క్లాస్ ఏ అంటే కుంచెతో పూసే పలచనిది, క్లాస్ బి అంటే అతుకు వెంట దిమ్మగా పెట్టే చిక్కనిది. పక్కనున్న అంకె పని చేయడానికి దొరికే గంటలు: బి-2 అంటే రెండు గంటలు, బి-1/2 అంటే అరగంట. మొదటిసారి చేసేవాళ్లు బి-2 తీసుకోవడం మేలు. రెండు భాగాలను తూకం వేసి కలపాలి, కంటి అంచనా పనికిరాదు. డబ్బా గడువు తేదీ చూడండి. సీలెంటు ఆరే సమయాన్ని 25 డిగ్రీల లెక్కన రాస్తారు. 10 డిగ్రీలు చల్లగా ఉంటే దాదాపు రెట్టింపు పడుతుంది. అదే సమయంలో అదే మిశ్రమంతో ఒక రేకు ముక్క మీద కొంచెం పూసి పక్కన పెట్టుకోండి. అది గోరుతో నొక్కితే సొట్ట పడనంత గట్టిపడితేనే ట్యాంకులోదీ గట్టిపడిందని తెలుస్తుంది.

వెల్డింగ్ చేసిన అల్యూమినియం ట్యాంకులో పగుళ్లు బాఫిల్ అతికిన చోట, అవుట్‌లెట్ చుట్టూ వస్తాయి. దాన్ని మళ్లీ వెల్డింగే చేయాలి, ఆ పని ట్యాంకులకు అలవాటుపడినవాళ్లే చేయాలి. అతుకుల మడతల్లో ఇంధనం దాక్కుని ఉంటుంది. ఒకసారి నీళ్లతో కడిగిన ట్యాంకు వేడి తగలగానే మళ్లీ ఆవిరి వదులుతుంది. ఆవిరి పట్టి, వేడినీళ్లతో కడిగి, లోపల జడవాయువు నింపాకే మంట దగ్గరకు తేవాలి. గ్యాస్ వెల్డింగ్ అయితే ఫ్లక్స్ (అతుకు బాగా పట్టడానికి రాసే రసాయనం) ఆనవాలు లేకుండా కడిగారా అని అడగండి. మిగిలిన ఫ్లక్స్ తేమతో కలిసి ఆ అతుకునే తినేస్తుంది.

ఇంకా పాత ట్యాంకులు కొన్ని టర్న్ రేకువి, అంటే సీసం, తగరం పూత వేసిన ఉక్కు రేకువి. వాటికి టంకం బాగా పడుతుంది. అయితే మంట వాడకూడదు. ఆవిరి పూర్తిగా తీసేసి, జడవాయువు నింపి, టంకం కడ్డీని దూరంగా వేడిచేసి తెచ్చి వాడాలి. చిల్లు చుట్టూ తుప్పు లేని మెరిసే రేకు దొరికేదాకా శుభ్రం చేయాలి. అది దొరకకపోతే మాటు నిలవదు.

స్లోషింగ్ గురించి అడిగారు కనుక కారణం కూడా చెబుతాను. ట్యాంకు లోపలంతా పలచని పొరగా పట్టే ఈ సీలరు, కింద జిడ్డు గానీ తుప్పు గానీ ఉంటే పాము కుబుసంలా పొరలు పొరలుగా ఊడుతుంది. పాత రకాలు ఆల్కహాల్ తగిలితే మెత్తబడతాయి. ఊడిన పొర అవుట్‌లెట్ జల్లెడ మీద పరుచుకుంటే ట్యాంకులో ఇంధనం ఉండగానే ఇంజను ఆగుతుంది. పోసేటప్పుడే వెంటు గొట్టంలోకి, ఫ్లోట్ కీలులోకి చేరి వాటిని బిగించేస్తుంది. తర్వాత ఎవరైనా సరైన మరమ్మతు చేయాలన్నా ఆ పొరంతా తీస్తేనే కొత్త సీలెంట్ అంటుతుంది. మీ విమానం తయారీదారు పత్రంలో ఫలానా ట్యాంకుకు ఫలానా సీలరు అని స్పష్టంగా ఉంటే తప్ప ముట్టుకోకండి. మీ విమానం ట్యాంకులో ఇదివరకెవరో పోసి ఉన్నారా అన్నది కూడా గేజు రంధ్రంలోంచి చూసి తెలుసుకోండి.

దించిన ట్యాంకును బాగుచేశాక మళ్లీ గాలి పరీక్ష. సాధారణ లోహపు ట్యాంకు డిజైను 3.5 పీఎస్ఐ తట్టుకోవాలని పాత అమెరికా ధ్రువీకరణ నిబంధనలు చెప్పేవి. డెబ్బై ఏళ్లు దాటిన మీ ట్యాంకు మీద అంత పెట్టమని దాని అర్థం కాదు. రెండడుగుల చదరం పలక మీద అది దాదాపు 900 కిలోలు. మీ మాన్యువల్ చెప్పిన అంకెకు మించకండి.

గేజు తిరిగి బిగించాక

లీకు ఆగింది కదా అని ఇక్కడే ఆపేస్తారు చాలామంది. గేజును ఒకసారి తీసి పెట్టారంటే దాని లెక్క మళ్లీ సరిచూడాలి. చిన్న విమానాల గేజు ఖాళీ దగ్గర మాత్రమే సరిగా చూపితే చాలన్న మాట ప్రచారంలో ఉంది. నిబంధన చెప్పేది వేరు: సమంగా ఎగిరేటప్పుడు, వాడుకోలేని ఇంధనం (ట్యాంకు అడుగున ఉన్నా ఇంజనుకు నమ్మకంగా అందనిది) మాత్రమే మిగిలిన స్థితిని గేజు సున్నాగా చూపాలి. మిగతా గీతలకు తప్పు చూపే స్వేచ్ఛ ఇచ్చినట్టు కాదు.

తోకచక్రం ఉన్న విమానంలో ఇది ఇంకా ముఖ్యం. నేల మీద ముక్కు పైకి లేచి ఉంటుంది, ఇంధనం వెనక్కి పోతుంది, గేజు వేరే అంకె చూపుతుంది. తోకను స్టాండు మీదికి ఎత్తి, మాన్యువల్ చెప్పిన చోట రసమట్టం పెట్టి, విమానాన్ని ఎగిరే భంగిమలో నిలపండి. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి, వాడుకోలేని పరిమాణం పోసి గేజు సున్నా చూపుతోందా చూడండి. తర్వాత ఐదేసి లీటర్లు కొలిచి పోస్తూ గేజు చూపింది రాసుకోండి. ఎక్కడైనా ముల్లు ఆగి ఒక్కసారిగా దూకితే ఫ్లోట్ చెయ్యి దేనికో తగులుతోంది. ఆ తర్వాత తోక దించి, నేల భంగిమకు వేరుగా కొలకర్ర గీతలు పెట్టుకోండి. కుడి ట్యాంకుకూ ఎడమ ట్యాంకుకూ ఒకే కర్ర సరిపోతుందనుకోవద్దు, రెండూ కొలవండి.

నిండా పోసి ఒక రాత్రి నిలపండి. పొద్దున్నే సుద్దపొడి చల్లిన చోటు పొడిగా ఉంటే, లైసెన్సున్న ఇంజనీరుతో చూపించి, లాగ్‌బుక్‌లో ఏ గాస్కెట్, ఏ సీలెంట్, ఏ పరీక్ష అన్నది రాయించండి. మొదటి కొన్ని గంటల ఎగురుడు తర్వాత ఫిల్టర్ గిన్నె విప్పి చూడండి. సీలెంట్ తునకలు, కార్కు పొడి వచ్చేది అప్పుడే.

చివరగా, మీరు మోటారు పెట్రోలు కూడా వాడుతుంటే (ప్రశ్నలో రాయలేదు), మీ విమానానికి ఆమోదం ఉందా అన్నది ఒకటి, అందులో ఇథనాల్ ఉందా అన్నది మరొకటి. సన్నని గాజు గొట్టంలో ఒక వంతు నీళ్లు పోసి గీత పెట్టండి, తొమ్మిది వంతుల పెట్రోలు పోసి బాగా ఊపి నిలపండి. అడుగున నీటి మట్టం గీతకన్నా పెరిగితే ఇథనాల్ నీటిలో కలిసినట్టు. ఆ పెట్రోలు మీ గాస్కెట్లకూ, కార్కు ఫ్లోట్‌కూ పనికిరాదు. ఎడమ గేజు విప్పాక తడి అంచు మీద ఉందా, స్క్రూ దగ్గరా, అద్దం వెనకా అన్నది ఫోటోతో సహా ఇక్కడ పెట్టండి, తర్వాత ఏం చేయాలో దాన్నిబట్టి చెబుతాను.